రాస్తున్నవి రెండు పుస్తకాలు, ఒకటి కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ విశాఖ పేజీలో ఒక సాహిత్య సభ వార్త వేశారు. అందులో నా గురించి "రంగూన్‌లో బతికిన తన కుటుంబ గాథను నవలగా రాస్తున్న రిటైర్డ్ టీచర్" అని ఒక వాక్యం ఉంది. వేసినందుకు సంతోషమే. అయితే అది చదివి అనకాపల్లిలో ఉండే మా చిన్నాన్న కొడుకు పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఎందుకప్పా ఇప్పుడు ఇవన్నీ? నవలంటే నాలుగు కల్పించి రాస్తారు కదా. రేపు మా పిల్లలు అదే నిజమనుకుంటే?" అన్నాడు. అదే సాయంత్రం మా వీధిలో ఒకాయన ఎదురై, "మీ తాతగారి చరిత్ర వస్తోందట, కల్పన ఏమీ కలపరు కదండీ?" అని అడిగారు. ఇద్దరి అనుమానమూ న్యాయమైనదే. ఇద్దరికీ విడివిడిగా చెప్పేకన్నా మీ పత్రికలోనే చెప్పేస్తే మంచిదని ఈ ఉత్తరం.

నేను రాస్తున్నవి రెండు. ఒకటి మా కుటుంబ చరిత్ర, రెండోది నవల. మొదటి దాంట్లో కల్పన ఒక్క ముక్క ఉండదు. రెండో దాంట్లో మా ఇంటివాళ్ళ పేరు ఒక్కటి ఉండదు. చరిత్ర ముందు వస్తుంది, నవల ఆ తర్వాతే.

చరిత్ర సంగతి ముందు చెబుతాను. మా తాతయ్యది భీమిలి వైపు పల్లెటూరు. కూలీలను కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని రంగం, అంటే రంగూన్, వెళ్ళాడు. ఆ రోజుల్లో విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి వేలమంది అలాగే వెళ్ళారు. రేవులో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. ముందు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటల్లా చేయాలి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి పాస్‌పోర్టు గొడవ లేదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్ళే, అంటే భారతీయులే.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. మా తాతయ్య ఏ సంవత్సరం వెళ్ళాడన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. మా ఇంట్లో అందరూ చెప్పే మాట "హార్బర్లో ఓడెక్కి వెళ్ళాడు, అప్పటికింకా పెళ్ళి కాలేదు" అని. పెళ్ళి 1920ల్లోనే అయిపోయింది. విశాఖ హార్బర్‌లోకి మొదటి ఓడ జలదుర్గ వచ్చింది 1933 అక్టోబరు 7న. అప్పటి వైస్రాయ్ లార్డ్ విల్లింగ్‌డన్ పోర్టును ప్రారంభించింది అదే ఏడాది డిసెంబరు 19న. అంతకు ముందు ఓడలు సముద్రంలో దూరంగా లంగరేసి ఆగితే, ఒడ్డు నుంచి మసూలా పడవల్లో వెళ్ళి ఎక్కాలి. కాబట్టి పెళ్ళికి ముందు హార్బర్లో ఓడెక్కడం కుదరదు. బహుశా తర్వాతెప్పుడో ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్ళినప్పటి ప్రయాణాన్ని అందరూ మొదటి ప్రయాణంగా గుర్తుపెట్టుకున్నారు. చరిత్రలో "ఇంట్లో ఇలా చెబుతారు, తేదీలతో పొసగడం లేదు" అని రెండూ పక్కపక్కనే పెడుతున్నాను. ఇంట్లోవాళ్ళ మాట కొట్టిపారేయను, సరిదిద్దను కూడా.

పేర్లతో ఇంకో తంటా. సింహాచలం అప్పన్న నీడలో పుట్టిన ఊళ్ళు మావి. ఇంటికో అప్పలస్వామి, అప్పలనరసయ్య, అప్పలకొండ. సింహాచలం అన్న పేరు మగవాళ్ళకీ ఉంటుంది, ఆడవాళ్ళకీ ఉంటుంది. పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో తరం విడిచి తరంలో మనిషి తేలుతుంటే పాత దస్తావేజులో సంతకం పెట్టింది ఎవరో తేల్చడం పోలీసు పనిలా ఉంటుంది. తండ్రి పేరు చూసి తేలుద్దామంటే ఆయనా అప్పలస్వామే.

తేదీలు అంతకన్నా దారుణం. మా నాన్న పోర్టులో కళాసీగా చేరాడు. సర్వీస్ రిజిస్టర్‌లో ఆయన పుట్టినరోజు 1934 జులై 1. నేను టీచర్ని కాబట్టి ఈ జులై 1 కథ నాకు బాగా తెలుసు. బడిలో వేయడానికి తెచ్చినవాళ్ళు పుట్టినరోజు చెప్పలేకపోతే మాస్టారు జూన్, జులై నెలల్లో ఏదో ఒక తేదీ వేసేసేవారు. మా పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీస్తే పేజీల కొద్దీ పిల్లలు ఒకే రోజున పుట్టి ఉంటారు. అందుకే ఆ తేదీని నేను "రికార్డు ప్రకారం" అనే రాస్తున్నాను.

ఇక మిగిలింది మా మేనత్త జ్ఞాపకం. రంగంలో పుట్టింది, ఎనభై ఏళ్ళు దాటాయి, చెవులు తగ్గాయి కానీ నోరు తగ్గలేదు. మొదట్లో "ఏ సంవత్సరం అత్తా?" అని అడిగేదాన్ని. "ఓలమ్మీ, సంవచ్చరం నాకేటి తెలుస్తాది? ఓడలో నాకు అమ్మవారు పోసింది, అది మాత్రం గేపకం" అనేది. ఇప్పుడు సంవత్సరం అడగడం మానేశాను. ఆ రోజు ఏం వండారు, ఎవరి ఇంట్లో దిగారు, బాంబు పడకముందా పడ్డాకా, అని అడుగుతాను. ఫోన్‌లో రికార్డు చేసి, మరో నెల ఆగి మళ్ళీ అదే అడుగుతాను. రెండుసార్లూ ఒకేలా చెప్పిందే వాడుకుంటున్నాను.

ఆవిడ చెప్పినదాన్ని తేదీలతో కలిపి చూస్తే ఒక వరస దొరికింది. రంగూన్ మీద జపాన్ విమానాలు మొదటిసారి బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న. ఆ తర్వాత కొద్ది వారాల్లో తాతయ్య, నాయనమ్మ, పిల్లలు ఓడలో కలకత్తా చేరారు. అక్కణ్ణుంచి రైల్లో వాల్తేరు స్టేషన్‌కి. వన్‌టౌన్‌లో చుట్టాల ఇంట్లో దిగారు. బతికిపోయామనుకుని ఊపిరి తీసుకునేలోపు 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. ఊరు ఊరంతా ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తే (ఆంధ్రా యూనివర్సిటీ) గుంటూరు తరలిపోయింది. మావాళ్ళు మూటలు మళ్ళీ నెత్తికెత్తుకుని భీమిలి దారి పట్టారు. రెండు ఊళ్ళలో రెండు బాంబుదాడులు చూసిన మనిషి ఇప్పుడు మా ఇంటి వెనక గదిలో కూర్చుని సీరియల్ సౌండ్ పెంచమంటోంది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. తాతయ్య తెచ్చిన టేకు పెట్టెలో మేస్త్రీ లెక్కల చీటీలు, కొన్ని ఉత్తరాలు ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పైకప్పు రేకులు లేచిపోయి పెట్టె నిండా నీళ్ళు. ఆరబెట్టగా కొన్ని మిగిలాయి. వాటిల్లో ఒక ఉత్తరం మీద తేదీ లేదు, "చిత్రభాను" అని తెలుగు సంవత్సరం పేరు మాత్రం ఉంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి అది 1882 అయినా కావచ్చు, 1942 అయినా కావచ్చు. లోపల యుద్ధం మాట ఉంది గనక 1942 అని ఒప్పుకున్నాను.

ఆ ఉత్తరమే రెండో పుస్తకానికి మూలం. రాసింది మా తాతయ్య తమ్ముడు.

ఆయన అప్పటికి పెళ్ళయి ఏడాది రెండేళ్ళు. భార్యను, అంటే మా చిన్న నాయనమ్మను, ఊళ్ళో వదిలి రంగం వెళ్ళాడు. అన్నగారి కుటుంబం ఓడెక్కినప్పుడు రావలసిన కూలి డబ్బులు వసూలు చేసుకుని వస్తానని అక్కడే ఆగాడు. 1942 మార్చి 8కి రంగూన్ జపాన్ వాళ్ళ చేతిలోకి పోయింది. ఓడలు లేవు. మిగిలినవాళ్ళకి నడక దారే దిక్కు. కొందరు ఆరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, కొందరు మాండలే దాటి కలేవా, తమూ, ఇంఫాల్ మీదుగా దిమాపూర్‌కి. నాలుగైదు లక్షలమంది అలా బర్మా వదిలారని అంచనా. కలరా, మలేరియా, మే నెల దాటాక వానలు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ సరిగ్గా తీయలేదు. ఆ ఉత్తరంలో చిన్న తాతయ్య రాసింది "నడిచి వచ్చేవాళ్ళతో బయలుదేరుతున్నాను, దిగులు పడవద్దు" అని. అంతే, తర్వాత కబురు లేదు.

చరిత్ర పుస్తకంలో ఆయనకు దక్కేది ఈ ఒక్క పేరానే. "తమూ దారిన బయలుదేరినట్టు ఇంట్లో చెబుతారు. ఆ తర్వాత తెలియదు." ఇంకొక్క వాక్యం రాయడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆయన భార్య 1991 దాకా బతికింది. నన్ను ఎత్తుకుని పెంచింది. ఆవిడ బతికిన ఆ దాదాపు యాభై ఏళ్ళు ఒక పేరాలో ఎలా పడతాయి?

ఏడేళ్ళు మనిషి జాడ లేకపోతే పోయినట్టు భావించవచ్చని అప్పటి ఎవిడెన్స్ చట్టం 108వ సెక్షన్. పన్నెండేళ్ళు చూసి, దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం చేసి కర్మ చేయాలని పురోహితుడు. చట్టం లెక్కన 1949కి, శాస్త్రం లెక్కన 1954కి చిన్న నాయనమ్మ విధవ. ఆవిడ రెండు లెక్కలూ ఒప్పుకోలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. తగరపువలస సంతలో చింతపండు అమ్ముకుంటూ, పేరంటాలకి పిలిచినా పిలవకపోయినా వెళ్ళేది. కొందరు తాంబూలం ఇవ్వడానికి జంకేవారట.

పొలం పంపకాలు వచ్చినప్పుడు పెద్దలంతా కూర్చోబెట్టి చెప్పారు. 1937 నాటి చట్టం ఉంది, విధవనని ఒప్పుకుంటే భర్త వాటా అనుభవించే హక్కు నీకే వస్తుంది, వేలిముద్ర వెయ్యి అని. "బతికున్నోడి వాటాకి నేను ముండమోసుకోవాలేటి?" అని లేచి వచ్చేసిందట. మా అత్త చెప్పిన ఈ మాట రెండుసార్లు కాదు, ఎన్నిసార్లు అడిగినా ఒకేలా వచ్చింది. 1955 నాటి పంపకం దస్తావేజు నకలు తీయించాను. అందులో ఆవిడ "ప్రస్తుతం రంగూనులో ఉన్న ఫలానా వారి భార్య" అనే ఉంది. పన్నెండేళ్ళ పైన అయినా ఆ దస్తావేజు రాసిన లేఖరి ఆవిడకు తలవంచాడు.

ఫోన్ చేసిన మా తమ్ముడి కంగారంతా ఈ దస్తావేజు గురించే. ఆ పంపకంలో ఎవరికి ఎంత వచ్చిందో బయటపడుతుందని. రిజిస్టరైన దస్తావేజు, రుసుము కడితే ఎవరైనా నకలు తీయించి చూసుకోవచ్చు. గుట్టేముంది అందులో? అది చరిత్రలో ఉంటుంది, అక్షరం మార్చను. కానీ ఆ రోజు అరుగు మీద ఎవరు ఏ మాటన్నారో, ఎవరు ఎవరివైపు చూసి కళ్ళు దించుకున్నారో, అది ఉండదు. దానికి నవల ఉంది. నవలలో వాళ్ళు మా మనుషులు కారు.

నవలలో ఆమె చింతపండు అమ్మదు, చిట్టివలస జూట్ మిల్లులో గోనె సంచులు కుడుతుంది. కథ చిత్రభాను నుంచి జయ దాకా, అంటే 1942 నుంచి 1954 దాకా నడుస్తుంది. నడక దారిని నేను చూపించదలచుకోలేదు. అడవులు, శవాలు, కలరా రాసి కన్నీళ్ళు పెట్టించడం పెద్ద కష్టం కాదు, సమాచారం కావలసినంత ఉంది. నాకు కావలసింది ఇంటి గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి. ఒక్కో అధ్యాయంలో ఒక్కో మనిషి కబురు తెస్తాడు. ఒకడు తమూలో చూశానంటాడు, ఒకడు ప్రోమ్‌లో రెండో పెళ్ళి చేసుకున్నాడంటాడు, ఒకడు భోజనం పెట్టే ఇల్లని తెలిసి వచ్చి నోటికొచ్చింది చెబుతాడు. ప్రతి కబురుకీ ఆమె అన్నం పెట్టాలి. అబద్ధమని తెలిసినవాడికి కూడా పెడుతుందా లేదా అన్నదే నా నవల. చివర ఏమవుతుందని అడగకండి, ఇంకా అక్కడిదాకా రాలేదు.

నేను చూసినదొకటి ఉంది. 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చి, తర్వాత దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక, అక్కడ మిగిలిన మనవాళ్ళు వేలమంది తిరిగొచ్చారు. మా కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అలా ఏర్పడిందే. అప్పుడు నేను చిన్న తరగతుల్లో ఉన్నాను. చిన్న నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ క్యాంప్‌కి తీసుకెళ్ళేది. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి, "ఏ పేటలో ఉండేవారు బాబూ? డల్లా వైపు తెలుసునా?" అని అడిగేది. డల్లా అంటే రంగూన్‌కి నది అవతలి ఒడ్డు. వాళ్ళు వచ్చీరాని తెలుగులో ఏదో చెప్పేవారు. ఒకావిడ నాకు తినడానికి ఏదో పెట్టింది. చిన్న నాయనమ్మ మొగుడి పేరు నోటితో అనదు కదా, ఆ పేరు చెప్పడానికి నన్ను వెంట తీసుకెళ్ళిందని పెద్దయ్యాక అర్థమైంది. ఇది చరిత్రలో పెట్టాలా నవలలో పెట్టాలా అని చాలా తర్జనభర్జన పడ్డాను. చూసిన సాక్షిని నేనే గనక చరిత్రలోనే పెట్టాను. నవలకు ఇది అందదు, కొంచెం బాధగానే ఉంది.

ఇక్కడొక మాట. ఈ మధ్య చాలా ఇళ్ళలో వంశవృక్షాలు వేయించి ఫ్లెక్సీలు కట్టిస్తున్నారు. మంచిదే. కానీ వాటిల్లో కొడుకుల కొమ్మలు సాగుతాయి, కూతుళ్ళ కొమ్మలు పెళ్ళితో ఆగిపోతాయి. కోడళ్ళకి పుట్టింటి ఊరు కూడా ఉండదు. మా నాయనమ్మ పుట్టిల్లు భోగాపురం వైపు. ఆ ఊరు 1979లో విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. ఆవిడ వైపు వాళ్ళ కాగితాలు వెతకాలంటే జిల్లా మారాలి. ఇంకా పాతవి కావాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ నాటివి గనక చెన్నై ఎగ్మోర్‌లో ఉన్న ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి. వెళ్ళాను. శ్రమ తప్ప దారి లేదు.

మూడోది ఒకటి మనసులో ఉంది గానీ దాని గురించి ఎక్కువ చెప్పను. మా అత్తవారి ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయింది. ఫ్యాక్టరీ కింద భూమి పోయినవాళ్ళకి ఇచ్చే ఆర్ కార్డు ఉన్న ఇంట్లో కాపురం చేసినదాన్ని కాబట్టి కొన్ని కథలు ఉన్నాయి. నవల అయ్యాక చూద్దాం, ఓపిక ఉంటే.

మీ ద్వారా అడగదలచుకున్నవి రెండు.

చరిత్ర పుస్తకం మా చుట్టాలకి సరిపడా కొద్ది కాపీలే వేయిస్తాను, అమ్మకానికి కాదు. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికీ, యూనివర్సిటీలోని వి.ఎస్. కృష్ణ గ్రంథాలయానికీ చెరొకటి ఇస్తాను. నాలాగే రాసి, జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇంట్లో దాచుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉంటారు. అలాంటి వాటికి పౌర గ్రంథాలయంలో ఒక అలమారా కేటాయిస్తే బాగుంటుందని మీరు రాస్తే నిర్వాహకులు వింటారు. అచ్చైన పుస్తకమా కాదా అని చూడకుండా తీసుకోవాలి. ఈ ఊరు పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు కట్టినవాళ్ళది. వాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో వాళ్ళ ఇళ్ళలోనే రాసి ఉంది.

రెండోది, 1942లో నడిచి వచ్చినవాళ్ళ ఇళ్ళలో ఉత్తరాలు, కూలి చీటీలు, దారిలో క్యాంపుల్లో ఇచ్చిన కాగితాలు ఏవైనా ఉంటే నాకు చూడాలని ఉంది. అసలు కాగితాలు పోస్టులో పంపకండి. ఫోన్‌తో వెలుతురులో ఫోటో తీసి, వెనకవైపు కూడా తీసి, మీ పత్రిక కార్యాలయానికి నా పేరు మీద పంపితే నాకు చేరతాయి. నవల కోసం కాదు, చరిత్ర కోసం. ఎవరి పేరు వాడాలన్నా ముందు వాళ్ళనే అడుగుతాను. ఉత్తరం చదవడం రాకపోయినా పరవాలేదు, గొలుసుకట్టు రాత చదవడం నాకు అలవాటే. ముఖ్యంగా డల్లా వైపు మిల్లుల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళవాళ్ళు దయచేసి ఒకసారి అటకలు చూడండి, వానాకాలం రాకముందే.

నా పేరు మాత్రం వేయకండి. మా తమ్ముడికి మాటిచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
కంచరపాలెం, విశాఖపట్నం